కొలిమికి నీళ్ళ గొట్టం

ఏడడుగుల గొట్టం ఒకటి మా నుంచి ఏమేం పట్టుకుపోయిందో ముందు లెక్క చెబుతాను. రెండు బస్తాల బొగ్గు. కోతలకు ముందు వచ్చే వారం, అంటే కొలిమి ఉన్న ఇంటికి ఏడాది మొత్తంలో విలువైన వారం. మా బావ ఒంట్లోంచి నాలుగు కిలోలు. మా అక్క నిద్ర. దాన్ని ఏ కొలతలో వేయాలో తెలియక విడిగా ఉంచాను. అరవై నాలుగు కొడవళ్ళ పదును. ఆ కొడవళ్ళ వెనక ముప్పై ఇద్దరు ఆడవాళ్ళ మూడు రోజుల కూలి. అన్నిటికంటే బరువైనదాన్ని చివర వేస్తున్నాను: బావ మాట మీద ఒక కోత కూలీల ముఠాకు పంతొమ్మిదేళ్ళుగా ఉన్న నమ్మకం.

నేను తెనాలిలో ఒక కలప డిపోలో కొలతలు వేస్తాను. దుంగ దిగిందంటే చుట్టూ టేపు పెట్టి, పొడవు చూసి, ఎన్ని ఘనపుటడుగులో చెప్పడం నా పని. పదో తరగతి తర్వాత నాకెవరూ లెక్కలు చెప్పలేదు. టేపూ సుద్దముక్కా పట్టుకుని నేనే నేర్చుకున్నాను. డాబా మీద ట్యాంకు ఎన్ని నీళ్ళు పడుతుందో, గోడకి ఎన్ని ఇటుకలు కావాలో అడగడానికి మా వీధివాళ్ళు నా దగ్గరికే వస్తారు. మాది కమ్మరి ఇల్లే అయినా నా చేతికి సుత్తి అబ్బలేదు. అక్కను రేపల్లెలో ఇచ్చాం. బావకు మాత్రం చేతినిండా పని.

ఆయన కొలిమి ఇంటి వెనక రేకుల పాకలో ఉంది. అందులో గాలి కింద నుంచి రాదు, పక్క నుంచి వస్తుంది. నిప్పుకు ఒక పక్క మట్టి గోడ. ఆ గోడలోంచి గొట్టం ముక్కు బొగ్గుల్లోకి తొంగి చూస్తూ ఉంటుంది. రెండో చివర గాలి కొట్టే మిషనుకు తగిలిస్తారు. ముక్కు దగ్గర మంట చూడలేనంత తెల్లగా ఉంటే, తోక దగ్గర చెయ్యి పెట్టుకుని కూర్చోవచ్చు. ఒక చివర నిప్పులోనూ ఒక చివర నీడలోనూ బతకాల్సిన వస్తువది. దాన్ని దేనితో చెయ్యాలన్నది అందుకే చిన్న సంగతి కాదు.

పాతకాలం నుంచీ ముక్కు మట్టిదే. ఊక కలిపిన మట్టితో గొట్టం చేసి, కాల్చి ఇచ్చే కుమ్మరాయన ఒకాయన ఉండేవాడు. ఆయన ఆటో కొనుక్కుని సారె పక్కన పెట్టేశాడు. ఆయన ఇచ్చిన ఆఖరి గొట్టం పోయినేడాది వానల్లో పగిలింది. కోతలు దగ్గర పడుతున్నాయి. బావ ఫోను చేసి, నీ లెక్కలు ఈసారి మనింటికి పనికొస్తాయేమో చూడు అన్నాడు.

వెళ్ళేసరికి పాకలో సభ జరుగుతోంది. పక్కింటాయన బోరుకు మిగిలిన ప్లాస్టిక్ పైపు ఊరికే ఇస్తానన్నాడు. కరెంటు పోయి గాలి ఆగితే వేడి వెనక్కి తన్నుతుంది, అప్పుడు అది అరటి దూటలా వాలిపోతుంది, నిప్పుకు నాలుగడుగుల అవతలైతే సరే గాని ఇవతలికి వద్దని చెప్పాను. మెట్ల పక్కన చేతిపట్టుకి వేసే స్టీలు గొట్టం అన్నారు ఇంకొకరు. అది పలచన, రేటు మాత్రం మందం. పోత ఇనుము ముక్క ఒకటి మూల పడి ఉంది. నిప్పుకి మంచిదే, కానీ పక్కన దెబ్బ పడితే కుండలా పగులుతుంది. చివరికి నేను నల్ల పైపు అన్నాను. ఏ పూతా లేని మందపాటి ఇనప గొట్టం. దాని ముక్కు కూడా కాలుతుంది. కాలినంత మేర వెనక నుంచి ముందుకు నెట్టుకోవచ్చు, పెన్సిలు చెక్కుకున్నట్టు.

బావ ఒకటే అడిగాడు. తుప్పు పట్టదా?

ఇది మా రేపల్లె వైపు మనుషులు తప్ప ఎవరూ ఆ చోట అడగని ప్రశ్న. అక్కడ సైకిలు కొన్నా, గడియ కొన్నా, ఇంటి మీద రేకు కొన్నా ముందు అడిగేది అదే. అడవులదీవి వైపు సముద్రం నుంచి వచ్చే ఉప్పు గాలి ఏ ఇనుమునూ ఊరికే వదలదు. తుప్పు పట్టనిది మంచి ఇనుము, పట్టేది చెడ్డ ఇనుము. ఆ ఒక్క సూత్రంతో పుట్టి పెరిగినవాళ్ళు నిప్పులో పెట్టే గొట్టాన్ని కూడా గాలివానకు పెట్టే గొట్టంలాగే ఎంచారు. పాకలో ఉన్న అందరూ తలలూపారు. తుప్పు పట్టనిదే తెమ్మన్నారు.

నేను కొలతలు వేసుకున్నాను. గోడ మందం, ముక్కు చొచ్చుకుపోయే మేర, మిషను వేడికి దూరంగా ఉండాల్సిన ఎడం, అన్నీ కలిపి ఏడడుగులు. లోపలి బోలు అంగుళంన్నర. ముక్కు దగ్గర దాన్ని ముప్పావుకు కుదించాలి. అంగుళంన్నరను ముప్పావు చేస్తే గాలి దారి సగమైందనుకుంటారు చాలామంది. నాలుగో వంతు అవుతుంది. అందుకే గాలి అక్కడ ఈల వేసుకుంటూ పోతుంది. ఈ లెక్కల్లో ఒక్కటి కూడా తప్పు పోలేదు. అది రాసి పెట్టుకోవాల్సిన సంగతి.

తెనాలిలో పైపుల కొట్టుకు వెళ్ళి కొలిమికి గొట్టం కావాలని అడిగాను. కొలిమికి అన్న మాట రెండుసార్లు అన్నాను. నల్లది చూపించమన్నాను. ఆ సైజులో నల్లది ఆయన దగ్గర లేదు. లేదని చెప్పొచ్చు. చెప్పలేదు.

"నల్లది ఎందుకండి, నాలుగు నెలల్లో తుప్పు పట్టిపోద్ది. జీఐ తీసుకెళ్ళండి. మీ మనవలు కూడా వాడుకుంటారు" అన్నాడు.

జీఐ అంటే నీళ్ళ కోసం ఇళ్ళల్లో వేసే తెల్ల పైపు. ఇనుము మీద జస్తం, అంటే జింకు, పూత ఉంటుంది. ఆ పూత వల్లే తుప్పు పట్టదు.

"నిప్పులో ఉంటుందండి" అన్నాను.

"ఇనుమేగా సార్. నీళ్ళకైతే ఒక ఇనుము, నిప్పుకైతే ఒక ఇనుము ఉంటాయా ఏంటి?"

కోయించి, చివర కుదింపు వేయించి, భుజాన వేసుకుని రేపల్లె ప్యాసింజరు ఎక్కాను. పెట్టెలో అటు చివర నుంచి ఒక చేపల గంప ఆవిడ, "ఏం బాబాయ్, రైల్లో బోరు వేస్తన్నావా?" అంది. అందరితో పాటు నేనూ నవ్వాను. బావ ఆ గొట్టాన్ని చేత్తో నిమిరి, బాగా మెరుస్తోందన్నాడు.

మర్నాడే ముఠా కొడవళ్ళు దిగాయి. బాపట్ల పక్క ఊరివాళ్ళు. ముప్పై ఇద్దరు ఆడవాళ్ళు, మనిషికి రెండేసి. ముఠా పెద్ద అరవై దగ్గర పడిన మనిషి. ఆదివారం గుళ్ళో ప్రార్థన అయ్యాక ఇంటింటా కొడవళ్ళు పోగుచేసి, గోనె సంచిలో వేసుకుని, సోమవారం పొద్దున్నే రేపల్లెలో దిగుతుంది. ప్రతి పిడికీ ఒక పాత చీర పేలిక. పేలికను బట్టి కొడవలి ఎవరిదో తెలుస్తుంది.

వరి కోసే కొడవలికి అంచున సన్నటి పళ్ళుంటాయి. కక్కు అంటారు. ఏడాదికోసారి అరిగిన కక్కు కొట్టేసి, అంచు సాగదీసి, ఉలితో మళ్ళీ కక్కు కొట్టి, కాల్చి నీళ్ళలో ముంచాలి. పాత కక్కు పోయి కొత్తది పడేదాకా అది వంకర ఇనప ముక్క, దానికి గడ్డి కూడా తెగదు. ఇంకొక కట్టుబాటుంది. ముఠా కొడవళ్ళన్నీ ఒకే కొలిమికి ఇస్తారు, ఒకే రోజు తీసుకుంటారు. సగం మందికి ముందే పదును వస్తే చేలో వాళ్ళ సాళ్ళు ముందుకు పోతాయి, వెనకబడినవాళ్ళు మాటలు పడాలి. అందుకని బావ కూడా ముందు అరవై నాలుగింటికీ పాత కక్కు కొట్టేస్తాడు. తర్వాతే కొత్త కక్కు మొదలు.

ఆ పాత కక్కు కొట్టేయడం ఆ తెల్ల గొట్టం గాలితోనే జరిగింది. మంట చివర పచ్చటి ఛాయ కనిపించిందట. తెల్లటి పొగ. నోరు తియ్యగా ఉందని బావ అక్కతో అన్నాడట. సాయంత్రానికి చలి. రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు కొట్టుకోవడం ఆగలేదు. తెల్లారేసరికి ఏమీ లేదు. లేచి టీ తాగి మళ్ళీ కొలిమి రాజేశాడు. సాయంత్రానికి మళ్ళీ చలి. బాపట్ల తీసుకెళ్ళి రక్తం చూపించారు. మలేరియా కాదు, డెంగీ కాదు, టైఫాయిడ్ కాదు. నీరసం తగ్గడానికి బిళ్ళలిచ్చి పంపారు. ఆయన వాటిని వేసుకుని మళ్ళీ ఆ పొగ ముందే కూర్చున్నాడు.

సాయంత్రం వణుకు, పొద్దున్న మామూలు. దీనికి ఊళ్ళో ఒకటే పేరు ఉంది, తాగుడు. మా బావ పెళ్ళిలో కూడా కూల్‌డ్రింకు తప్ప ముట్టని మనిషి.

ఇంతలో వాన పట్టింది. పండిన చేలు వాలిపోయాయి. బురదలో కోత మిషన్లు దిగవు గనక ఎన్నడూ లేనంత గిరాకీ చేతి కోతకు వచ్చింది. చుండూరు నుంచీ, రేపల్లె చుట్టుపక్కల నుంచీ రైతులు ముఠాల కోసం వెతుక్కుంటున్నారు. అనుకున్న రోజున ముఠా పెద్ద సంచి కోసం వచ్చింది. బావ మంచం మీద వణుకుతున్నాడు. పాకలో అరవై నాలుగు కొడవళ్ళు, పళ్ళు లేకుండా, పేలికలతో కుప్పగా ఉన్నాయి. ఆవిడ కేకలు వెయ్యలేదని అక్క చెప్పింది.

"తాగితే తాగావు తమ్ముడూ. ముందే ఒక మాట చెప్పుంటే ఇంకో కొలిమి చూసుకునేదాన్ని" అని, అన్నీ తనే సంచిలో వేసుకుని వెళ్ళిపోయింది. ఇంకో కొలిమి దొరికి, కక్కు పడేసరికి మూడు రోజులు. మంచి గిరాకీ మూడు రోజులు.

నేను ఆదివారం వెళ్ళాను. అక్క నన్ను పాకలోకి తీసుకెళ్ళి దూలం చూపించింది. దాని మీద తెల్లగా దూది పేరుకున్నట్టుంది. ముట్టుకుంటే బూడిదలా రాలింది.

"పత్తి ఏరిన ఇల్లు కాదు కదరా మనది, ఇదెక్కణ్నుంచి వస్తంది?" అంది. నాకూ తెలియలేదు.

తెలిసింది మర్నాడు తెనాలిలో. మా డిపోకి గేటు చేస్తున్న వెల్డరు పొద్దున్నే రెండు పాల ప్యాకెట్లు తెచ్చుకుని, ఒకటి తాగి మరొకటి నీడలో పెట్టుకున్నాడు. అదేంటని అడిగాను.

"జీఐ కాలుస్తున్నా కదండి. జస్తం పొగ పడితే సాయంత్రానికి చలిజొరం వస్తది. తెల్లారితే పోద్ది. పాలకి ఆగుద్దో లేదో దేవుడికెరుక, మా గురువు తాగమన్నాడు, తాగుతున్నా."

పొగ ఎలా ఉంటుందన్నాను. తెల్లగా, ఆరిపోతే దూదిలా అన్నాడు. పైపులు ఎక్కడ కొంటావన్నాను. నేను కొన్న కొట్టు పేరే చెప్పాడు. ఈ జ్వరం సంగతి ఆ కొట్టాయనకి తెలుసా అని అడిగాను.

"ఆయనే చెప్తాడండి, కాల్చే ముందు పూత గీకేసుకోమని."

సుద్దముక్క నా చేతిలో విరిగింది. అప్పటిదాకా దీన్ని ఎవరికీ తెలియని పొరపాటనుకోవచ్చు. ఇక అనుకోవడానికి లేదు. ముక్కు కాలుతున్నకొద్దీ బావ గొట్టాన్ని ముందుకు నెట్టుకుంటున్నాడు, నేను చెప్పినట్టే. నెట్టిన ప్రతిసారీ కొత్త పూత నిప్పులోకి పోతోంది. వెంటనే అక్కకి ఫోను చేసి గొట్టం పీకించెయ్యమన్నాను. ఎందుకో చెప్పాను.

"నీ లెక్కంతా బొక్కకే వేశావురా. గొట్టానికి వెయ్యలేదు" అంది.

నేను ఆ మాట పడను. గొట్టం గురించి అడిగాను. నిప్పులో ఉంటుందని కూడా చెప్పాను. జవాబు తెలిసినవాడు నాకు వేరే జవాబు ఇచ్చాడు. పైపులమ్మేవాడి మాట కూడా నమ్మకూడదంటే, రేపు నేను చెప్పే ఘనపుటడుగుల్ని ఎవరైనా ఎందుకు నమ్మాలి?

రేపల్లె వెళ్ళి గొట్టం తెచ్చాను. కాలిన ముక్కుకు కాగితం చుట్టి కొట్లోకి తీసుకెళ్ళాను. ఇద్దరు తాపీ మేస్త్రీలు, పెయింటు కొంటున్న ఒక పెద్దాయన ఉన్నారు. బల్ల మీద పెట్టి కాగితం విప్పాను.

నీళ్ళకి అడిగారనుకున్నానండి అన్నాడు కొట్టాయన. కొలిమికని చెప్పానన్నాను. రోజుకి ఎంతోమంది వస్తారు, ఏం గుర్తుంటుందన్నాడు. వెల్డరుకి చెప్పింది గుర్తుందా అని అడిగాను.

దానికి ఆయన ఇచ్చిన సమాధానం ఇప్పటికీ నాకు మింగుడు పడలేదు.

"వెల్డర్లు రోజూ కొనేవాళ్ళండి. వాళ్ళకి చెప్పుకోవాలి. మీది ఏడడుగుల బేరం."

అంటే ఊపిరికి కూడా ఖాతాదారుడయ్యుండాలి. రోజూ వచ్చేవాడి ఊపిరితిత్తులు వేరు, ఒక్కసారి వచ్చేవాడివి వేరు. నేను ఒక్క చెక్క కొనేవాణ్ని కూడా చూస్తాను, లారీ కొనేవాణ్ని కూడా చూస్తాను. టేపు ఇద్దరికీ ఒకటే.

ఆయన సొరుగు లాగి డబ్బు బల్ల మీద పెట్టబోయాడు. వద్దన్నాను. నాకు కావాల్సింది ఒక్క మాట అన్నాను. ఆయన రేపల్లె రావాలి. నేను ముఠా పెద్దను పిలిపిస్తాను. ఆవిడ ముందు నిలబడి, ఈ మనిషి తాగలేదు, నేను అమ్మిన గొట్టం పొగ పీల్చాడని చెప్పాలి.

"ఏడడుగుల పైపుకి నన్ను రేపల్లె దాకా రమ్మంటారా సార్?" అన్నాడు. మేస్త్రీల్లో చిన్నవాడు నవ్వాడు. పెయింటు పెద్దాయన నవ్వలేదు. "వెళ్ళిరావయ్యా, నోరు అరిగిపోద్దా?" అన్నాడు. ఆయన ముందు కాదనలేక, కొట్టాయన ఆదివారం వస్తానన్నాడు.

ఆదివారం రేపల్లె స్టేషన్లో ప్రతి రైలూ చూశాను. ఫోను చేస్తే స్టాకు దిగుతోందన్నాడు. ఆ తర్వాత ఎత్తడం మానేశాడు.

ఇక నేనే గొట్టం పట్టుకుని బాపట్ల రైలెక్కాను. ముఠా పెద్ద ఇంటి ముందు వడ్లు ఎండబెట్టుకుంటోంది. నన్ను కూర్చోమని, మంచినీళ్ళిచ్చింది. చెప్పిందంతా విన్నది. గొట్టం ఒళ్ళో పెట్టుకుని, కాలిన చోటు నుంచి మెరిసే చోటి దాకా గోటితో గీరి చూసింది. దూలం మీది దూది కాగితంలో పొట్లం కట్టి తెచ్చాను. ఆవిడ దాన్ని వాసన చూడబోతే వద్దని లాక్కున్నాను. అప్పుడు నమ్మిందనుకుంటాను.

"తాగాడన్న మాట నాది. అది నేను వెనక్కి తీసుకుంటా తమ్ముడూ" అంది. "కానీ మా ఆడాళ్ళకి పోయింది నా మాట వల్ల కాదు కదా. మూడు రోజుల కూలి పోయింది. ఆళ్ళకి నేనెళ్ళి గొట్టం కథ చెప్తే, ఆయన బామ్మర్ది వచ్చి చెప్పాడంట అని నవ్వుతారు. అమ్మినోడు వచ్చి చెప్తే అది వేరు."

అమ్మినవాడు రాలేదు.

"నా రెండు కొడవళ్ళూ నీ బావకే. మిగిలినయ్యి ఎవరిష్టం ఆళ్ళది. ఒకే కొలిమి అన్న కట్టు ఈసారి నేను పెట్టలేను" అంది.

కొత్త గొట్టం తెనాలి పాత ఇనప సామాన్ల కొట్లో దొరికింది. రైసుమిల్లు బాయిలరు లోంచి పీకిన గొట్టం. నల్లగా, మందంగా, అతుకు లేకుండా ఉంది. పుట్టిందే నిప్పు పక్కన బతకడానికి. పూత ఏమీ లేదని అంగుళం అంగుళం గీకి చూసుకున్నాను. ఆరుబయట ఒకసారి కాల్చి జిడ్డు పోగొట్టాం. ఊక కలిపిన మట్టితో గోడలో బిగించాం. నిప్పుకు నాలుగడుగులు దాటాక పక్కింటాయన ప్లాస్టిక్ ముక్క కూడా వాడాం. మొదటిసారి రాజేసిన రోజు అక్క పని మానుకుని గాలికి ఎదురుగా పీట వేసుకుని, పొగ రంగు చూస్తూ కూర్చుంది. సాయంత్రం బావ నుదురు ముట్టుకుంటూనే ఉంది. ఆయన విసుక్కున్నాడు. జ్వరం రాలేదు.

ఆ గొట్టం తుప్పు పట్టింది. రోజూ పొద్దున్న బావ గోనెపట్టాతో తుడుస్తాడు. ఎవరైనా చూసి, ఉప్పు గాలికి ఇదేం ఇనుమయ్యా అంటే, "దాన్ని తుప్పు తింటది. నన్ను తినదు" అంటాడు.

ఈ ఏడు కోతల ముందు సంచి వచ్చింది. ఆవిడే తెచ్చింది. ఇదివరకు దాన్ని ఇద్దరు దింపేవాళ్ళు. ఈసారి బావ ఒక చేత్తో దింపాడు. నేను అక్కడే ఉన్నాను. ఆయన లెక్కపెట్టలేదు, పేలికలు విడదీసుకుంటూ, రావాల్సినవాటి కోసం సంచి అడుగు దాకా తడిమాడు. లెక్క నేను పెట్టాను. అరవై నాలుగింటిలో ఇరవై మందివి, నలభై. వాటికి కక్కు కొట్టి, చెప్పిన రోజుకి ఒక రోజు ముందే ఇచ్చాడు. మిగిలిన పన్నెండు మందికి ఆవిడ మాట చాలలేదు. తాగుబోతు కొలిమి అనే మాట బాపట్ల వైపు ఇంకా తిరుగుతూనే ఉందట.

నేను డిపోకి వెళ్ళే దారిలోనే ఆ పైపుల కొట్టు. తెల్ల గొట్టాలు వాకిట్లో మెరుస్తూ నిలబెట్టి ఉంటాయి. మొన్న ఆయన నన్ను చూసి, జరిగింది మర్చిపోయినవాడిలా, "ఏమన్నా కావాలా సార్?" అన్నాడు. కావాలన్నాను. ఏంటండి, ఎన్ని అన్నాడు.

కొడవళ్ళు అని చెప్పాను. ఇరవై నాలుగు.